స్కాట్లండు జాతీయపక్షము - మన తెలుగుదేశము

బ్రిటనుద్వీపమున ఉత్తరభాగమైన స్కాట్లండునందు జాతీయపక్షము 1934లో వెలసెను. అది ప్రభుత్వము నేర్పఱచుట 2007లో, అనగా 73 ఏండ్లకు. మన తెలుగునాట నందమూరి తారకరామారావుగారు 1982 మార్చి 29న స్థాపించిన తెలుగుదేశ మన్ననో, తొమ్మిది మాసములు దాటగనే 1983 జనవరి ఎన్నికలలో గెలిచెను. ఇంత వ్యత్యాస మేల?

నాయకుని చలనచిత్రఖ్యాతియే కారణమని పలువు రందురు. అది కొంతవఱకే నిజము. 1707 మొదలు 1999 వఱకు స్కాట్లండునకు తనదైన శాసనసభయే లేదు. గెలుచుటకు గద్దె యేది? మనకో, పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారులై 1952 డిసెంబరు 15న ప్రాణము విడిచిన పిమ్మట, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. మన బుచ్చిరెడ్డిపాలెమున జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిగారు 1955-56లో దానికి ముఖ్యమంత్రులు. 1956లో అది తెలంగాణముతో గలసి ఆంధ్రప్రదేశమయ్యెను.

రాష్ట్రము మనదైనను, ముఖ్యమంత్రులను నిలుపుటయు దింపుటయు ఢిల్లీలోని కాంగ్రెసు పెద్దల చేతిలో నుండెను. 1978 ఎన్నికల పిమ్మట అయిదేండ్లలోపల నలుగురు ఆ పీఠ మెక్కిరి. ఆత్మగౌరవమను విత్తనము మొలచుటకు ఇంతకంటె పదును కావలయునా?

విద్యార్థులు మఱియొకటి గమనింపవలెను. స్కాట్లండు పక్షము వేర్పాటు గోరినది. 2014లో ప్రజల నడుగగా నూటికి 55గురు వలదనిరి. తెలుగుదేశము వేఱుపడుట నెన్నడును గోరలేదు. 1984 ఎన్నికలలో 30 స్థానములు గెలిచి, లోకసభలో ప్రతిపక్షములన్నిటిలో పెద్దదై, ఢిల్లీలోనే కూర్చుండెను.