కోపం వెనక దిగులు

ప్రశ్న: మా మామగారు పోయి మూడు నెలలైంది. తాతంటే ప్రాణమిచ్చే మా బాబు (11) చుక్క కన్నీరు పెట్టలేదు. ఇప్పుడు చీటికీమాటికీ చెల్లిని కొడుతున్నాడు. ఏం చేయాలి?
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా’ అని కర్మల రోజున ఎవరో ఒకరు అనే ఉంటారు. మగపిల్లల విషయంలో మనవాళ్లు తప్పుపట్టనిది కోపమొక్కటే. దిగులు కూడా ఆ దారే వెతుక్కుంటుంది. చెల్లిని కొడితే ఊరుకోవద్దు. కానీ ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయకండి. బండి మీద వెళ్తూనో, బఠాణీలు ఒలుస్తూనో తాతయ్య ఊసెత్తండి. ‘నాకూ నాన్న గుర్తొస్తున్నాడురా’ అని మీవారే అంటే మరీ మంచిది. ఆయన కళ్లు చెమర్చినా దాచుకోనక్కర్లేదు. నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.