ఈజిప్టు దేశపు పండుగ భక్ష్యము: కహ్క్

ఫరోయొక్క భక్ష్యకారుల అధిపతి చెఱసాలలో కనిన స్వప్నమును ఆదికాండము 40వ అధ్యాయమున మనమందఱము చదివియున్నాము. పిండివంటల గంపలు తన తలమీద నుండెనని యతడు యోసేపుతో చెప్పెను. ఈజిప్టు దేశమున నీ విద్య మిక్కిలి ప్రాచీనము. క్రీస్తుకు పూర్వము 15వ శతాబ్దమున మంత్రిగానుండిన రేఖ్మిరేయొక్క సమాధి లక్సరునకు ఎదుటి తీరమున కలదు. దాని గోడలపై భక్ష్యములు చేయు పనివారి చిత్రములు నేటికిని కానవచ్చుచున్నవి.

ఇప్పుడా దేశమున మిక్కిలి ప్రియమైన పండుగ భక్ష్యము కహ్క్. ఇది నేతితో చేయు గుండ్రని బిస్కత్తు. రంజాను ఉపవాసములు ముగియు పండుగకు మహమ్మదీయులును, జనవరి 7వ తేదీని జరుగు క్రిస్మసునకును ఈస్టరునకును కోప్టు క్రైస్తవులును దీనిని చేయుదురు. ఈస్టరునకు ముందు కోప్టులు 55 దినములు మాంసము, పాలు, నేయి ముట్టక ఉపవాసముందురు. అట్టివారికి పండుగనాటి నేతి భక్ష్యము ఎంత రుచికరమో మనము ఊహింపవచ్చును.

ఇక చేయు విధము. గోధుమమైదా 500 గ్రాములు, నేయి 275 గ్రాములు, వేయించిన నువ్వులు రెండు చెంచాలు, చిటికెడు ఉప్పు, అరచెంచా ఈస్టు, దానిని కరగించుటకు గోరువెచ్చని పాలు అరగిన్నె సిద్ధపఱచుకొనవలెను. ఏలకులు, దాల్చినచెక్క, లవంగములు, సోపు కలిపి దంచిన పొడి ఒక చెంచా చాలును. నేతిని వేడిచేసి పిండిమీద పోసి, చేయి పట్టునంత చల్లారిన పిదప, పిండి యంతయు తడియిసుకవలె నగువఱకు వ్రేళ్లతో నలుపవలెను. తరువాతనే పాలు కొంచెము కొంచెముగా చేర్చి ముద్ద చేసి, ఒక గంటసేపు మూసియుంచవలెను. నిమ్మకాయంత యుండలు చేసి, నడుమ ఖర్జూరపు ముద్దగాని, అక్రోటు పప్పుగాని యుంచి, కొంచెము అదిమి, పైన చిన్న పటకారుతో గీతలు దిద్దుదురు. 180 డిగ్రీల వేడిమిగల పొయ్యిలో సుమారు 20 నిమిషములు కాల్చిన, అడుగు బంగారు వన్నె నొందును. పూర్తిగా చల్లారిన పిదపనే మెత్తని పంచదారపొడి చల్లవలెను. వేడిగానున్నప్పుడు చల్లినచో పొడి కరగి యంటుకొనును.

నేతిని ముందుగా పోయుటకు కారణమేమి? గోధుమపిండిలోని మాంసకృత్తులు తడి తగిలి పిసికినప్పుడు సాగెడు జిగురగును. రొట్టెకు ఆ జిగురు కావలెను, దీనికి వలదు. ముందుగా నేయి పిండిరేణువులను కప్పుటచేత పాలలోని తడి వానిని అంతగా చేరజాలదు. కావుననే భక్ష్యము నోట వేసిన వెంటనే గుల్లగా విరిగి కరగును. అందుచేత పాలు పోసిన పిదప ఎక్కువగా పిసుకరాదు. పొదుపునకై నేయి మిక్కిలి తగ్గించినను, తొందరపడి క్రమము మార్చినను, భక్ష్యము గట్టిపడును.

ఇండ్లలో పెద్ద పొయ్యిలు లేని కాలమున స్త్రీలును పిల్లలును రాత్రులు కూడి తట్టలనిండ భక్ష్యములు దిద్ది, వీథిలోని రొట్టెలవాని పొయ్యికి మోసికొనిపోయి కాల్పించెడివారు. నేడు అనేకులు అంగళ్లలో కొనుచున్నారు. ఇంట చేయువారును ఇంకను కలరు. మహమ్మదీయుల పండుగనాడు పళ్లెము క్రైస్తవుని యింటికిని, క్రైస్తవుల పండుగనాడు పళ్లెము మహమ్మదీయుని యింటికిని పోవుట పొరుగువారి మర్యాద. ప్రార్థనాలయములు వేఱైనను పళ్లెములోని భక్ష్యమొక్కటియే.

కైరో నగరపు ఇస్లామీయ కళా ప్రదర్శనశాలలో మధ్యయుగముల నాటి భక్ష్యపు అచ్చులు కలవు. కొన్నిటిపై "తిని, కృతజ్ఞత చెల్లింపుము" అను అర్థమిచ్చు అరబ్బీ మాటలు చెక్కబడియున్నవి. విద్యార్థులారా, ఈ సెలవులలో మీరు తల్లులకు సాయపడి దీనిని చేయుడు. చేసినదానిలో మొదటి పళ్లెమును, మన పండుగ తమ పండుగ కాని పొరుగువారి యింటికి మీ చేతులతోనే కొనిపొండు. అప్పుడే ఈ పాఠము మీకు పూర్తిగా వచ్చినదని మేము తలంచెదము.