మందుకు మందు విరోధమైతే...

పాలు మంచి ఆహారం. చేపలూ మంచి ఆహారమే. రెండింటినీ కలిపి తినరాదని చరక సంహిత చెబుతుంది. ఆ గ్రంథంలోని సూత్రస్థానం 26వ అధ్యాయంలో విరుద్ధాహారాన్ని గూర్చి విస్తారమైన చర్చ ఉంది. దేశ విరుద్ధం, కాల విరుద్ధం, మాత్రా విరుద్ధం, సంయోగ విరుద్ధం మొదలుగా 18 విధాల విరోధాలను అక్కడ విడదీసి చూపారు. తేనె, నెయ్యి సమపాళ్లలో కలిపి తీసుకోరాదన్నది మాత్రా విరుద్ధానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇందులోని వైద్య దృష్టి గమనించదగినది. విడిగా దోషం లేని రెండు ద్రవ్యాలు కలిసినప్పుడు దోషం పుట్టవచ్చు. కనుక ప్రతి ద్రవ్యాన్నీ విడిగా పరీక్షించి ఊరుకుంటే చాలదు.

ఇదే దృష్టిని ఇంట్లోని మాత్రల డబ్బాకు అన్వయిస్తే ఎంతో మేలు జరుగుతుంది. బి.పి. మాత్ర మంచిదే, మోకాళ్ల నొప్పుల మాత్ర అవసరమైనదే, ఉదయం తాగే కషాయం పెద్దలు చెప్పినదే. ఈ మూడూ ఒకే కడుపులో చేరినప్పుడు ఏమవుతుందని అడిగేవారు అరుదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలవారికి ఈ ప్రశ్న మరింత ముఖ్యం. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ నుండి అటు హైదరాబాదుకూ, ఇటు గుంటూరుకూ రైలు సౌకర్యం ఉంది. గుండెకు హైదరాబాదు, ఎముకలకు విజయవాడ లేదా ఖమ్మం, జ్వరానికి పట్టణంలోని డాక్టరు, రాత్రి నొప్పికి ఊళ్లోని ఆర్.ఎం.పి. - ఇలా ఒక్క మనిషికి నాలుగు చీటీలు రావడం ఇక్కడ సామాన్యం. ప్రతి చీటీ రాసినవారి దృష్టిలో సరైనదే కావచ్చు. అయితే నాలుగు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసినవారు ఎవరూ ఉండరు. చిక్కంతా అక్కడే ఉంది.

లెక్క వేసి చూడండి. రెండు మందులుంటే పరిశీలించవలసిన జంట ఒక్కటే. ఐదు మందులుంటే జంటలు 10. ఎనిమిదైతే 28, పదైతే 45. ఇవన్నీ ప్రమాదకరమైన జంటలు కావు, అధిక భాగం నిరపాయమైనవే. అయినా ఎంతటి అనుభవజ్ఞుడికైనా చీటీ చూడగానే 45 జంటలు మనసులో మెదలవు.

మోకాళ్ల నొప్పులు - మూత్రపిండాలు

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీటివల్ల కీళ్లు, వెన్ను బిగుసుకుపోయి బాధపడినవారు ఎందరో ఉన్నారు. ఫ్లోరైడ్ తొలగించే నీటిశుద్ధి విధానానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు స్థిరపడిందంటే ఇక్కడి సమస్య ఎంతటిదో ఊహించవచ్చు. ఫ్లోరైడ్ బాధ లేని ఊళ్లలోనూ నాట్లు వేసి, బస్తాలు మోసి మోకాళ్లు అరిగినవారికి కొదువ లేదు. అందువల్ల డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇంటింటా కనిపిస్తాయి.

ఇప్పుడు కోదాడలో అరవై ఏళ్ల రైతు ఒకరు ఉన్నారనుకొందాం. ఆయనకు రక్తపోటుకు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రాశారు. మొదటిది రక్తనాళాలను సడలిస్తుంది, రెండవది మూత్రం ద్వారా ఉప్పునూ నీటినీ బయటకు పంపుతుంది. మోకాళ్లకు ఆయన వేరొకచోట నొప్పి మాత్ర తెచ్చుకున్నారు. ఈ మూడు మందుల కూడికను వైద్యశాస్త్రం ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది.

కారణాన్ని సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు రైతులు సులభంగా గ్రహించగలరు. మూత్రపిండంలోని వడపోత గుళికకు రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. నొప్పి మాత్ర తెచ్చే నాళాన్ని బిగిస్తుంది, అనగా ఎగువ తూము దించినట్లు. టెల్మిసార్టాన్ పోయే నాళాన్ని వదులు చేస్తుంది, అనగా దిగువ షట్టరు ఎత్తినట్లు. మూత్రం మాత్ర కాలువలోకి వచ్చే నీటినే తగ్గిస్తుంది. మూడూ ఒకేసారి జరిగితే మడిలో నీటిమట్టం నిలుస్తుందా? గుళికలో ఒత్తిడి పడిపోయి వడపోత మందగిస్తుంది. టెల్మిసార్టాన్ స్థానంలో లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ ఉన్నా ఫలితం ఇటువంటిదే.

వేసవిలో ప్రమాదం పెరుగుతుంది. ఎండలో ధాన్యం ఆరబోసి చెమట కార్చినప్పుడు, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఒంట్లోని నీరు ముందే తగ్గి ఉంటుంది. ఆ స్థితిలో ఈ మూడు మందులూ కలిస్తే కొద్ది రోజుల్లోనే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మూత్రం తగ్గడం, కాళ్లు ఉబ్బడం, వికారం, తెలియని మగత కనిపిస్తే 'ఎండ దెబ్బ' అని ఊరుకోక రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకోవాలి. టెల్మిసార్టాన్ వంటి మందులు పొటాషియంను శరీరంలో నిలుపుతాయి. కనుక మూత్రపిండాల జబ్బు ఉన్నవారు రోడ్డు పక్కన దొరికే కొబ్బరి నీళ్లనూ, పొటాషియం కలిపిన 'తక్కువ సోడియం' ఉప్పునూ వైద్యుని అడగకుండా మొదలుపెట్టరాదు.

వీరు నొప్పితో బాధపడుతూ ఉండవలసిందేనా? అక్కరలేదు. పారాసిటమాల్, పైపూత తైలాలు, కాపడం, తొడ కండరాల వ్యాయామం వంటి మార్గాలున్నాయి. అయితే పారాసిటమాల్‌లోనూ ఒక మెలిక ఉంది. అది నొప్పి మాత్రలో ఉంటుంది, జలుబు మాత్రలో ఉంటుంది, జ్వరం మాత్ర అంటే అదే. మూడు పేర్లతో ఒకే మందును వేసుకుంటున్నామని ఎరుగక చాలామంది మోతాదు మించుతారు. ఆరోగ్యవంతులైన పెద్దలకైనా రోజుకు 4 గ్రాములు దాటరాదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, నిత్యం మద్యం తాగేవారు అంతకంటె తక్కువకే పరిమితం కావాలి.

ఒకే మాత్రలో రెండు మూడు మందులు కూర్చి అమ్మే అలవాటు మన దేశంలో మితిమీరింది. వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయపు పూర్వ ఉపకులపతి చంద్రకాంత్ కొకాటే అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఇటువంటి మిశ్రమాలను పరిశీలించింది. దాని నివేదిక ఆధారంగా కేంద్ర ప్రభుత్వం 2016లో 344 మిశ్రమాలను నిషేధించింది. న్యాయస్థానాలలో వివాదం నడిచిన తరువాత 2018లో 328 మిశ్రమాలపై మళ్లీ నిషేధం ప్రకటించింది. అయినా విపణిలో నిలిచిన మిశ్రమాలు తక్కువేమీ కావు.

వేళ తప్పితే వచ్చే విరోధం

అన్ని విరోధాలూ ఇంత భయంకరమైనవి కావు. కొన్ని కేవలం వేళకు సంబంధించినవి. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీటితో వేసుకుని, అరగంట నుండి గంట తరువాతే ఫలహారం చేయాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. దగ్గరగా వేసుకుంటే అవి పేగులోనే థైరాక్సిన్‌ను పట్టి ఉంచి రక్తంలో చేరనీయవు. పరీక్షలో లోపం కనిపించి డాక్టరు మోతాదు పెంచుతారు. తరువాత ఏ కారణం చేతనో కాల్షియం మానితే పెరిగిన మోతాదు గుండెదడ తెస్తుంది. మలబద్ధకానికి వాడే ఇసబ్గోలుకూ ఇతర మాత్రలకూ కనీసం రెండు గంటల వ్యవధి మంచిది. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలను పాలతో మింగరాదు.

నల్లగొండ బత్తాయి విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గ్రేప్‌ఫ్రూట్ రసం ఒక రక్తపోటు మందు బలాన్ని విపరీతంగా పెంచుతుందని 1989లో కెనడా పరిశోధకులు యాదృచ్ఛికంగా కనుగొన్నారు. అనంతరం ఆ కుటుంబంలోని పంపర పనసకూ కొంతవరకు ఆ గుణం ఉన్నట్లు తేలింది. తీపి బత్తాయిని ఆ కోవలో చేర్చనక్కరలేదు. అయినా తీపి నారింజ రసం ఎటెనొలాల్ వంటి కొన్ని మందుల శోషణను తగ్గిస్తుంది. పండు తినండి, మాత్రను మాత్రం నీళ్లతోనే మింగండి.

గుండెకు స్టెంటు వేయించుకున్నవారికి క్లోపిడోగ్రెల్ రాస్తారు. కడుపుమంటకు దుకాణంలో అడిగి ఒమిప్రజోల్ తెచ్చుకుంటే అది క్లోపిడోగ్రెల్ చైతన్యవంతం కావడాన్ని అడ్డగించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో దీనిపై హెచ్చరిక చేసింది. అవసరమైతే వైద్యులు వేరొక మందు ఎంచుకుంటారు. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవారు వీటికి తోడు నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో రక్తస్రావం కలగవచ్చు. తారువలె నల్లటి విరేచనం దాని గుర్తు. అది కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు.

మన వంటింటి మందుల మాట

ఈ పత్రిక చదివే వారికి ఈ భాగం కొంత రుచించకపోవచ్చు. 'మూలికలే కదా, హాని ఏముంటుంది?' అనే మాట తరచు వింటాం. మూలికకు వ్యాధిని తగ్గించే శక్తి ఉందని మనం నమ్ముతున్నాం. శక్తి ఉన్న ద్రవ్యం మరొక ద్రవ్యంతో తలపడగలదని కూడా అంగీకరించవలసిందే.

దీనికి చక్కని నిదర్శనం త్రికటుకం. శొంఠి, పిప్పళ్లు, మిరియాల కలయిక ఇతర మందులకు తోడ్పడుతుందని ప్రాచీనుల అనుభవం. జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనశాల శాస్త్రజ్ఞులు ఈ అనుభవాన్ని పట్టుకుని, మిరియాలలోని పైపరిన్ కొన్ని మందులను రక్తంలోకి అధికంగా చేరుస్తుందని నిరూపించారు. ఆ పరిశోధన ఫలితంగానే క్షయ మందు రిఫాంపిసిన్‌ను 450 మిల్లీగ్రాములకు బదులు 200 మిల్లీగ్రాములతో, పైపరిన్ కలిపి తయారుచేసిన ఔషధం వచ్చింది. మనం గర్వించదగిన విషయమే. అయితే ఆ గుణమే మూర్ఛకు ఫెనిటాయిన్ వాడే రోగిలో మందును అవసరానికి మించి పెంచవచ్చు. చారులోని మిరియాలకు భయపడనక్కరలేదు. ఏరోజుకారోజు చెంచాలకొద్దీ చూర్ణం తినడం వేరు.

అతిమధురం ఎక్కువకాలం వాడితే పొటాషియం తగ్గి రక్తపోటు పెరుగుతుంది. డిగాక్సిన్ వాడే గుండె రోగికి పొటాషియం తగ్గడం ప్రాణాపాయం. మధుమేహానికి గ్లిమిపిరైడ్ వేసుకుంటూ కాకరరసం, మెంతిపొడి, పొడపత్రి మొదలుపెడితే చక్కెర అతిగా పడిపోవచ్చు. గుండెదడకు ప్రొప్రనొలాల్ వంటి మందు కూడా ఉంటే వణుకు, దడ బయటపడవు. చెమట ఒక్కటే గుర్తుగా మిగులుతుంది. గుగ్గులు నుండి తీసిన పదార్థం ప్రొప్రనొలాల్, డిల్టియాజెమ్ మందులు రక్తంలో చేరే పరిమాణాన్ని తగ్గించినట్లు పరిశీలనలో తేలింది. కీళ్ల నొప్పులకు యోగరాజ గుగ్గులు వాడే హృద్రోగులు ఈ సంగతిని వైద్యునికి తెలపాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడేవారు వెల్లుల్లి, పసుపు గుళికలను స్వయంగా చేర్చుకోరాదు. ఆకుకూరలు మానవలసిన పనిలేదు, వారం వారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తింటే చాలు.

పేరు, తయారీదారు చిరునామా లేని పొట్లాలు మరొక రకం. ఉబ్బసానికీ కీళ్లకూ ఇచ్చే ఇటువంటి పొడులలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. రెండు మూడు రోజుల్లో అద్భుతంగా గుణం కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించాలి. మధుమేహి అయితే చక్కెర హఠాత్తుగా పెరుగుతుంది. ఏమి కలిసిందో తెలియని మందుకు విరోధం చూడటం ఎవరికీ సాధ్యం కాదు.

ఎలా సరిచూసుకోవాలి?

ఒక సంచి తీసుకోండి. ఇంట్లో ఆ వ్యక్తి వాడే ప్రతిదీ అందులో వేయండి: మాత్రలు, సూదిమందు, కంటి చుక్కలు, లేహ్యం, చూర్ణం, దుకాణంలో అడిగి తెచ్చుకున్న గ్యాస్ మాత్రతో సహా. తరువాత ఒక తెల్లకాగితంపై వరుసగా రాయండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, దేనికి, ఎవరు రాశారు, ఏ వేళకు, ఎప్పటినుండి. కంపెనీ పేరుతో తృప్తిపడక, అట్టపై ముద్రించిన అసలు ఔషధనామం రాయాలి. ఒకే మందు ఉన్న మాత్రల అట్టలపై ఈ పేరు కంపెనీ పేరుకంటె పెద్ద అక్షరాలలో ఉండాలని 2018 నుండి నిబంధన ఉంది. ఇంగ్లీషు రానివారు బడికి వెళ్లే పిల్లలచేత రాయించవచ్చు. మాత్రలను అట్టల నుండి తీసి కలగాపులగంగా సీసాలో పోసే అలవాటు ఉంటే ఈ పని అసాధ్యమవుతుంది.

కాగితం పూర్తికాగానే ఒకే పేరు రెండుచోట్ల ఉందేమో చూడండి. ఒక్కోసారి ఈ చూపుతోనే సగం సమస్య బయటపడుతుంది. మూత్రపిండాల, కాలేయ వ్యాధులు, గర్భం, ఏ మందైనా పడకపోవడం వంటివి పైభాగాన రాసి, సంచితో సహా అన్నింటికంటె ఎక్కువగా మిమ్మల్ని చూసే వైద్యుని వద్దకు వెళ్లండి. 'ఇవన్నీ కలిపి వాడవచ్చునా? ఏదైనా తగ్గించవచ్చునా?' అని అడగండి. మందుల దుకాణంలో రిజిస్టర్డ్ ఫార్మసిస్టును కూడా అడగవచ్చు. మందుల పరస్పర విరోధాలను గూర్చి రోగికి చెప్పడం 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల ప్రకారం వారి విధుల్లో ఒకటి. కౌంటరు వద్ద అట్టలు కత్తిరించి ఇచ్చే కుర్రవాడు ఫార్మసిస్టు కాకపోవచ్చు.

సెల్‌ఫోన్‌లో మందుల పేర్లు ఇచ్చి విరోధాలు చూసే సాధనాలు ఉన్నాయి. అవి స్వల్పమైన వాటికీ ఎర్రజెండా చూపుతాయి, మన దేశపు కంపెనీ పేర్లను గుర్తించకపోవచ్చు, పొడపత్రి వంటివాటిని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. వైద్యుని ఏమి అడగాలో తెలుసుకోవడానికి పనికివస్తాయి, అంతవరకే.

విరోధం కనిపించిందని మందు మీరే ఆపరాదు. మూర్ఛ మందు, ప్రొప్రనొలాల్ వంటి గుండె మందులు, ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్ - వీటిని హఠాత్తుగా మానడం విరోధంకంటె ప్రమాదకరం కావచ్చు. స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా, రక్తస్రావం జరిగినా 108 పిలిచి సంచినీ కాగితాన్నీ వెంట పంపండి.

మందుల కలయిక వల్ల హాని జరిగిందని అనుమానం కలిగితే రోగి లేదా బంధువులు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఘాజియాబాదులోని భారత ఔషధ సంహితా సంఘం నిర్వహించే ఔషధ భద్రతా కార్యక్రమపు ఉచిత ఫోను 1800-180-3024. ఆయుర్వేద మందుల విషయంలో 2018లో ప్రారంభమైన ప్రత్యేక వ్యవస్థ ఉంది, న్యూఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ దానికి జాతీయ కేంద్రం. ఫోను చేసే ముందు అట్టమీది బ్యాచ్ నంబరు, వాడిన తేదీలు, వెంట వాడిన ఇతర మందుల పేర్లు దగ్గర ఉంచుకోవాలి.