కుదువ అంగట్లో పాత రివాల్వర్: ముందు వీసా, ఆ తర్వాతే బేరం

కళ్యాణదుర్గంలో కుదువ అంటే బంగారమే. వాన మొహం చాటేసి శెనక్కాయ చేను ఎండిన ఏడు, పిల్లల ఫీజులు కట్టాల్సిన నెల, కమ్మలో గాజులో బ్యాంకుకో సేటు అంగడికో చేరతాయి. అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో, కుదువ అంగడి అద్దాల బల్ల కింద గొలుసుల పక్కనే తుపాకులూ ఉంటాయి. స్మిత్ అండ్ వెసన్, కోల్ట్ కంపెనీల పాత రివాల్వర్లు, ధర చీటీతో సహా. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కోసం చెప్పులరిగేలా తిరగాల్సిన వస్తువు అక్కడ కుదువకొచ్చిన గిటారు పక్కన కనబడితే ఎవరికైనా ఒకసారి పట్టుకు చూద్దామనిపిస్తుంది. కొత్తగా వెళ్లే మన పిల్లలు ఆ బల్ల దగ్గరికి పోకముందే ఈ మాటలు వినాలి.

ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, బి-2 వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. ఇది దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం. 2022 నుంచి దీనికి శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ రూమ్మేట్ చెప్పాడని దాన్ని నమ్ముకోవద్దు. వకీలును అడిగి తెలుసుకోండి. షూటింగ్ రేంజిలో అద్దె తుపాకీతో సరదాగా కాల్చినా అది ‘దగ్గర ఉంచుకోవడం’ కిందికే వస్తుంది. యూఏఈ నుంచి ఫ్లోరిడాకు చదువుకు వచ్చిన రెహైఫ్ అనే కుర్రాణ్ణి మార్కులు రాలేదని కాలేజీ తీసేసింది. ఆ తర్వాత అతను రేంజికెళ్లి కాల్చాడు, 18 నెలల శిక్ష పడింది. తన వీసా స్టేటస్ పోయిన సంగతి అతనికి తెలుసని ప్రభుత్వమే రుజువు చేయాలంటూ 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నిషేధం మాత్రం అలాగే ఉంది.

గ్రీన్ కార్డున్న అన్నతో కొనిపించుకుందామన్న ఆలోచన ఇంకా ప్రమాదం. తుపాకీ కొనేటప్పుడు అంగట్లో నింపే ఫారం 4473 మీద అసలు కొనేది తానేనని ఆయన సంతకం పెట్టాలి. అబద్ధమైతే ఇద్దరూ ఇరుక్కుంటారు. ‘పాతదే కదా’ అన్న మాటా చెల్లదు. ఫెడరల్ చట్టంలో పురాతన వస్తువుగా లెక్కకొచ్చేది ముఖ్యంగా 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనదే, దానికీ రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. 1950ల నాటి కోల్ట్ ఎంత ముసలిదిగా కనిపించినా తుపాకే.

గ్రీన్ కార్డు వచ్చి, 21 నిండి, ఆ రాష్ట్రంలోనే కాపురముండి, ఇప్పటి చిరునామాతో గుర్తింపు కార్డు ఉంటే అప్పుడు చూడండి. అంగడివాడి అనుమతితో సిలిండర్ తెరిచి, తూటాల గదులన్నీ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోండి. మొన మనుషుల వైపు తిప్పవద్దు. ఖాళీ తుపాకీ హ్యామర్‌ను పడనివ్వాలంటే ముందు అడగండి. హ్యామర్‌ను మెల్లగా వెనక్కి లాగితే, అది పూర్తిగా నిలబడేలోపే సిలిండర్ టక్కున బిగుసుకోవాలి. అన్ని గదులకూ ఇదే పరీక్ష చేయండి. ఒక్కదాంట్లో వెనకబడినా లోపల అరుగుదల ఉన్నట్టే. సిలిండర్‌ను ముందుకూ వెనక్కీ తోసి చూడండి, లొడలొడలాడితే వద్దు. బ్యారెల్‌లోకి లైటు వేస్తే చాళ్లు పదునుగా కనబడాలి. మధ్యలో ఉంగరంలా నీడ పడితే అక్కడ గొట్టం ఉబ్బిందని అర్థం, ఎంత చవకైనా వదిలేయండి. స్క్రూల తలలు చెదిరితే తెలియనివాడెవడో విప్పాడు. కంపెనీ గుర్తు అంచులు మసకబారితే సానబట్టి కొత్త రంగు వేశారు; అలాంటిది ఎంత మెరిసినా సేకరించేవాళ్లు తక్కువ ధరే కడతారు. సీరియల్ నంబరు గీకేసి ఉంటే దాన్ని ముట్టుకోకుండా బయటికి రండి, దగ్గరుంచుకోవడమే నేరం.

బేరం మన సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఎద్దుకు ఆడే బేరంలా ఉండదు. సరుకును తిట్టి ధర దించలేరు. అంగడివాడు దాని మీద అప్పిచ్చింది చీటీ ధర కన్నా బాగా తక్కువే, కాబట్టి తగ్గించే చోటు ఉంటుంది. మీరు చూసిన అరుగుదలను మర్యాదగా చూపించి, పన్నుతో కలిపి ఆఖరి రేటెంతో అడిగి, మీ అంకె చెప్పి ఊరుకోండి. కుదరకపోతే థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. మళ్లీ వారం వెళ్తే అదే మనిషి దిగొచ్చే అవకాశం ఉంది.

కొన్నాక ఇంట్లో తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. రేంజికి తీసుకెళ్లే బ్యాగును ఊరికొచ్చేటప్పుడు వాడవద్దు. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లోనో బెంగళూరులోనో ఎయిర్‌పోర్టు స్కానర్‌కు దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. దేవనహళ్లి ఎయిర్‌పోర్టు నుంచి కళ్యాణదుర్గానికి కారు మాట్లాడుకుని ఎదురుచూస్తున్న అమ్మానాన్నలకు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వెళ్తుంది.