సూపరు ఫాస్ఫేటు సంచిపై 16 శాతము

ఈ అంకెను చూచి బస్తాలో అంత భాస్వరమున్నదని పలువురు రైతులు తలంతురు. అది పెంటాక్సైడు లెక్క; అనగా ప్రాణవాయువుతో కూడిన భాస్వరము. భాస్వరపు ఎరువులన్నిటికిని ఇదే కొలత. దుకాణదారు మోసగించెనని అనుకొనరాదు. 50 కిలోల బస్తాలో పెంటాక్సైడు 8 కిలోలు, అసలు భాస్వరము మూడున్నర కిలోలే.

రాక్ ఫాస్ఫేటు పొడిని గంధకామ్లముతో కలిపి దీనిని తయారుచేయుదురు. రాతిలో కరగక యుండిన భాస్వరము దానివలన చాలవరకు నీట కరగును. ఆమ్లములోని గంధకము జిప్సముగా ఎరువులోనే నిలుచును. బస్తాకు సుమారు ఐదున్నర కిలోలు. డి.ఏ.పి.లో పెంటాక్సైడు 46 శాతమున్నను ఈ జిప్సము లేదు. వేరుశనగలో నూనె పెరుగుటకు గంధకము, కాయ నిండుటకు కాల్షియము కావలెను. డి.ఏ.పి. వేయువారు జిప్సమును విడిగా కొనక తప్పదు. సూపరు ఎకరమునకు 2 బస్తాలు ఆఖరి దుక్కిలో వేయవలెను.