వజ్రంలోని మలినం – అది పలికే వెలుగు

తాపీ నదీతీరాన వెలసిన సూరత్ నగరం వజ్రాలకు సానపట్టుటలో ప్రపంచ ప్రసిద్ధి గాంచినది. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ వజ్రాలను తయారుచేయడం కూడ జరుగుతున్నది. గనిలో దొరికిన రాయి, యంత్రంలో పెరిగిన రాయి కంటికి ఒకే తీరుగా కనిపిస్తాయి. ధరలో మాత్రం ఎంతో అంతరం ఉన్నది. మరి కొనుగోలుదారు మోసపోకుండా ఈ రెండింటినీ వేరుపరచడం ఎట్లు? ఇందుకు తోడ్పడేది వజ్రంలోని మలినమే.

శుద్ధమైన వజ్రం కేవలం కర్బన స్ఫటికం. కాని భూగర్భంలో పుట్టిన వజ్రాలలో అత్యధిక భాగం నత్రజనిని కలిగి ఉంటాయి. వజ్రాలు రెండు తెగలని 1934లో రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. ఈ భేదానికి నత్రజని కారణమని 1959లో కైజర్, బాండ్ తెలిపారు. భూగర్భపు వేడిమిలో కోట్లాది సంవత్సరాలు గడవగా నత్రజని పరమాణువులు గుంపులు కడతాయి. అట్టి మూడు పరమాణువులు ఒక ఖాళీ స్థానం చుట్టూ చేరినచోట, అతినీలలోహిత కిరణాలు సోకగానే నీలికాంతి వెలువడుతుంది.

యంత్రంలో కోట్ల ఏళ్ల వ్యవధి లేదు. మీథేన్, ఉదజని వాయువులను మైక్రోవేవ్ శక్తితో ప్లాస్మాగా మార్చి, పలుచని వజ్రపు బిళ్లపై కర్బనాన్ని పొరలుగా పేరుస్తారు. కొద్దిపాటి నత్రజని కలిపితే స్ఫటికం త్వరగా పెరుగుతుంది. కాని గోధుమ వన్నె కూడ వస్తుంది. ఒంటరి నత్రజని పరమాణువు పక్కన ఖాళీ ఏర్పడినచో నారింజ-ఎరుపు కాంతి వెలువడుతుంది. అధిక పీడనంలో వేడిచేసి ఆ వన్నెను తగ్గించవచ్చును. అప్పుడు వెలుగు తరచు ఆకుపచ్చగా మారుతుంది. యంత్రభాగాల నుండి సిలికాన్ చేరినచో వర్ణపటంలో 737 నానోమీటర్ల వద్ద దాని గుర్తు కనిపిస్తుంది.

బోరాన్ ప్రభావం మరొక రకం. కృష్ణాతీరపు కొల్లూరు గనిలో లభించినదని భావించే హోప్ వజ్రానికి నీలివన్నె నిచ్చినది బోరానే. అతినీలలోహిత కాంతిని ఆపిన తరువాత కూడ ఆ వజ్రం కొంతసేపు ఎర్రగా మెరుస్తుంది.

అయితే తొందరపాటు తగదు. గోల్కొండ వజ్రాలుగా పేరుపొందిన మేలిరకపు రాళ్లలో నత్రజని దాదాపు ఉండదు. నత్రజని లేదన్నంత మాత్రాన రాయిని కృత్రిమమని నిర్ణయించినచో అసలు రత్నమే అపవాదుకు గురికావచ్చును. అందుచేత పరీక్షకులు ఒక్క గుర్తును నమ్మక, పలు గుర్తులను సరిపోల్చి తీర్పు చెబుతారు.

కృత్రిమ వజ్రాలపై పరిశోధనకు 2023లో కేంద్ర ప్రభుత్వం మద్రాసు ఐ.ఐ.టి.కి ఐదేండ్ల నిధులు ప్రకటించినది. మలినాన్ని అదుపులో ఉంచడం తయారీదారుని నేర్పు. దానిని దాచక చెప్పడం వ్యాపారి ధర్మం. సూరత్ ప్రతిష్ఠ ఈ రెండింటిపై ఆధారపడి ఉన్నది.