పురుగుమందు ఒంట్లోకి వెళితే నరాలకు ఏమవుతుంది?

 మన ఉయ్యూరు చుట్టుపక్కల వరిచేలకు పురుగుమందు కొట్టే రోజులు ఏటా వస్తాయి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు పీల్చినా, ఒంటిమీద పడినా, మనసు విరిగి ఎవరైనా తాగినా దెబ్బ తగిలేది నరాలకే. అదెలాగో తెలుసుకుందాం.

మనం తలచుకోకుండానే గుండె కొట్టుకుంటుంది, నోట్లో లాలాజలం ఊరుతుంది, పేగులు కదులుతాయి. ఈ పనులను నడిపేవి స్వయంచాలిత నాడులు. నరం కొసకూ అవయవానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ సందు దాటి కబురు మోసేది ఒక రసాయనం. 1921లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో దీన్ని నిరూపించారు. ఒక గుండె నరాన్ని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్.

కాలువ తూము ఎత్తిన లస్కరు, చేను తడిశాక దాన్ని దించాలి. నరం కొస దగ్గర ఆ లస్కరు పని చేసేది ఒక ఎంజైము. కబురు అందగానే అది ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొడుతుంది. పురుగుమందు ఈ లస్కరు చేతులు కట్టేస్తుంది. ఇక కబురు ఆగదు. చొంగ, చెమట, కన్నీరు, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. గుండె నెమ్మదిస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ఆసుపత్రిలో ఇచ్చే ఎట్రోపిన్ చేను మడవకు వేసే అడ్డుకట్ట వంటిది. గ్రంథులకు, గుండెకు, ఊపిరితిత్తులకు ఆ కబురు చేరనివ్వదు. కానీ చేతులు, మెడ, శ్వాస కండరాల మడవలు వేరు, వాటిని అది మూయలేదు. అందుకే చొంగ ఆగి చక్కగా మాట్లాడుతున్న రోగికి కూడా ఒకటి నుండి నాలుగు రోజుల్లో మెడ నిలవకపోవచ్చు, ఊపిరి అందకపోవచ్చు. "తగ్గిపోయింది కదండీ, ఇంటికి తీసుకెళ్తాం" అని బంధువులు మమ్మల్ని అడిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. దయచేసి డాక్టరుగారు పంపేదాకా ఆగండి.

గుర్తుంచుకోండి:

1. వెంటనే 108కి ఫోన్ చేయండి.
2. మందు పడిన బట్టలు తీసేసి, సబ్బుతో ఒళ్ళు కడగండి. మీ చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కోండి.
3. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు.
4. మందు డబ్బాను సంచిలో పెట్టి వెంట తీసుకురండి.

ప్రార్థన బండిలోనే చేసుకోవచ్చు, బయలుదేరడం ఆలస్యం చేయకండి. తాగినవారిని తిట్టకండి, నిందించకండి. కోలుకున్నాక వారి బాధ ఏమిటో పక్కన కూర్చుని వినండి. ఆ మాట వినేవారు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.